మీరొక ముగింపు బాకీ ఉన్నారు

విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థలో ఫర్‌గాటెన్ రెల్మ్స్ కథల బాధ్యత చూసే సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీ సంస్థ 2007, 2008 సంవత్సరాల్లో ప్రచురించిన ‘ది లేడీ పెనిటెంట్’ నవలాత్రయం గురించి ఈ ఉత్తరం. లీసా స్మెడ్‌మన్ రాసిన ‘శాక్రిఫైస్ ఆఫ్ ది విడో’, ‘స్టార్మ్ ఆఫ్ ది డెడ్’, ‘అసెండెన్సీ ఆఫ్ ది లాస్ట్’ అనే ఈ మూడు పుస్తకాలు డార్క్ ఎల్ఫ్‌ల కథల్లో ఎవరూ అడగనంత పెద్ద ప్రశ్న అడిగాయి. చివరికి వచ్చేసరికి ఆ ప్రశ్నకు తగని జవాబు చెప్పి ముగిశాయి. రచయిత్రికి రాయకుండా మీకు రాయడానికి కారణం ఉంది. ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ఆ కథాలోకం మీ సొత్తు. అందులో ఏ నగరం నిలవాలో, ఏ దేవత పోవాలో ఆఖరి మాట మీది. ఒక పుస్తకంలో పోయిన దేవత పదేళ్ల తర్వాత ఇంకో పుస్తకంలో తిరిగి కనిపిస్తే ఆ నిర్ణయమూ మీదే. అందుకే లెక్క మీతోనే తేల్చుకోవాలి.

ఈ నవలలు, వాటి వెనకున్న ఆట పరిచయం లేని తెలుగు పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ తన దేశపు పాత గాథలను కూర్చినప్పుడు ఎల్ఫ్‌లను వెలుగువాళ్లు, చీకటివాళ్లు అని విడదీశాడు. చీకటివాళ్లు నేల కింద ఉంటారన్నాడు. 1970ల చివర్లో గ్యారీ గైగాక్స్ ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట కోసం ఆ చీకటివాళ్లకు డ్రౌ అని పేరు పెట్టి ఒక జాతినే కట్టాడు. వాళ్లకు నిగనిగలాడే నల్లటి చర్మం, తెల్లటి జుట్టు, నేల అడుగున రాతి నగరాలు, ఆడవాళ్ల ఏలుబడి, లోల్త్ అనే సాలీడు దేవత. ఆటలో వాళ్లకున్న పని శత్రువులుగా ఉండటమే. ఆ జాతిలో పుట్టి ఆ దేవతను కాదన్నవాడు ఉండడా అని అడిగింది నవలలు. 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ ‘ది క్రిస్టల్ షార్డ్’లో డ్రిజ్ట్ అనే అలాంటి డ్రౌను తెచ్చాడు. 1990లో ‘హోమ్‌లాండ్’లో అతని పుట్టుకా పెంపకమూ చెప్పాడు. 1991లో ఎడ్ గ్రీన్‌వుడ్ ఆ జాతికి ఇంకో దేవతను ఇచ్చాడు. ఈలిస్ట్రేయీ ఆమె పేరు. వెన్నెల్లో కత్తి పట్టి నాట్యం చేస్తూ, పాట పాడి తనవాళ్లను నేల మీదికి పిలిచే తల్లి. 1995లో ఎలైన్ కనింగ్‌హామ్ ‘డాటర్ ఆఫ్ ది డ్రౌ’లో లిరియెల్ బేన్రే అనే అమ్మాయి చేత ఆ దారి పట్టించింది. డ్రిజ్ట్ ఒక్కడు బయటపడ్డాడు, లిరియెల్ ఒక్కతె బయటపడింది. మరి మిగిలిన జాతి సంగతేమిటి? ఆ ప్రశ్నను మూడు నవలల నిండా భుజానికెత్తుకున్నది స్మెడ్‌మనే.

ఆమె మొదలుపెట్టిన తీరు చూడండి. తల్లీ కూతుళ్లు బల్లకు ఇటూ అటూ కూర్చుని సావా ఆడుతుంటారు. అది మన చదరంగం లాంటి డ్రౌ ఆట. తల్లి లోల్త్, కూతురు ఈలిస్ట్రేయీ. బల్ల మీది పావులు బతికున్న డ్రౌలు. పందెం ఆ జాతి మొత్తం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఈలిస్ట్రేయీ పరాయి దేవత కాదు, లోల్త్ కడుపున పుట్టిన బిడ్డ. జాతిని విడిపించడానికి వచ్చిన దేవతే శత్రువు రక్తం పంచుకు పుట్టిందని చెబుతూ కథ మొదలవుతుంది. అంతకన్నా మంచి పునాది ఏ రచయితకు దొరుకుతుంది?

పునాదికి తగ్గట్టే గోడలూ లేచాయి. హలిస్ట్రా మెలార్న్ అంతకుముందు వచ్చిన ఆరు పుస్తకాల ‘వార్ ఆఫ్ ది స్పైడర్ క్వీన్’ వరసలో లోల్త్ పూజారిణిగా పరిచయమై, ఈలిస్ట్రేయీ వైపు తిరిగి, లోల్త్‌నే చంపబోయి, ఓడి, పట్టుబడింది. ఆ ఓటమికి శిక్షగా లోల్త్ ఆమెను పక్కటెముకల దగ్గర సాలీడు కాళ్లు మొలిచిన వికార రూపానికి మార్చి ‘లేడీ పెనిటెంట్’ అని పేరు పెట్టింది. పశ్చాత్తాపపడే దొరసాని అన్నమాట. నవలాత్రయం పేరే ఆమె పేరు. ఆమె సోదరుడు క్వార్లిండ్ మంత్రగాడు, స్వార్థపరుడు, ప్రతి అడుగూ తూచి వేసేవాడు. అలాంటివాడు మెల్లమెల్లగా తన లాభం కానిదాని కోసం కదలడం మొదలుపెడతాడు. డ్రౌ మగవాళ్ల దేవుడు వేరాన్ తన సోదరి ఈలిస్ట్రేయీని చంపబోయి తానే పోతాడు. అతని ముసుగు ఆమెకు దక్కుతుంది. ఆడవాళ్లు మాత్రమే పాడే గుడిలోకి అప్పటిదాకా దొంగలుగా, హంతకులుగా బతికిన మగ పూజారులు ముసుగులతో వచ్చి నిలబడతారు. కత్తి దాచుకుని బతికిన చేతులు, కత్తి ఎత్తి నాట్యం చేసే చేతులు ఒకే దేవతకు మొక్కాలి. వీళ్ల మధ్య అనుమానం, అసహ్యం, అరకొర నమ్మకం రాసిన పేజీలు ఈ మూడు పుస్తకాల్లోనూ మేలైనవి. ఒక జాతి లోపలి నుంచి మారడమంటే అలాగే ఉంటుంది. పక్కన నిలబడ్డవాడి మీద నమ్మకం కుదరదు, అయినా పక్కనే నిలబడాలి.

రెండో పుస్తకంలో శవాల దేవత కియరాన్సలీని అంతం చేసిన పద్ధతి ఇంకా గొప్పది. ఆమె మీద ఎవరూ కత్తి ఎత్తరు. మహామంత్రంతో ఆమె పేరును లోకంలో అందరి మనసుల్లోంచీ తుడిచేస్తారు. తలచేవాళ్లు లేక దేవత లేకుండా పోతుంది. దేవతలు భక్తుల నాలుకల మీదే బతుకుతారన్న మాటను నవల వివరించి ఊరుకోలేదు, జరిపి చూపించింది. ఇంత చేయగలిగిన రచయిత్రి మూడో పుస్తకంలో కథను ఎక్కడికి తీసుకెళ్తుందోనని పాఠకులు ఎదురు చూశారంటే తప్పు వాళ్లది కాదు.

ఆ మూడో పుస్తకం 2008 జూన్‌లో వచ్చింది. గౌనడార్ అనే మురుగు దేవుడి గొయ్యి మీద ఈలిస్ట్రేయీ విగ్రహాన్ని నిలిపి కట్టుకున్న గుడి అందులో కూలిపోతుంది. ప్రధాన పూజారిణి కీలూయే ఒంట్లోకి వెండొనాయ్ అనే రాక్షసుడు చొరబడతాడు. వేల ఏళ్ల కిందట ఇలిథీర్ రాజ్యపు డార్క్ ఎల్ఫ్‌ల రక్తంలో తన మచ్చ కలిపినవాడు వీడే. ఆ మచ్చను తనలోకి లాక్కుని కాల్చేయాలని కీలూయే తెగిస్తుంది. జాతికంతటికీ దారి తెరిచే ఆలోచన అది. కానీ కీలూయేలో దేవత కొలువై ఉన్న సమయాన హలిస్ట్రా నెలవంక కత్తితో ఆమెను నరికేస్తుంది. పూజారిణితో పాటు దేవతా పోతుంది. ఇంకోపక్క క్వార్లిండ్ చేసిన మహామంత్రంతో డ్రౌలలో కొన్ని వందలమంది, తమ జాతిని డ్రౌలుగా మార్చిన పాత శాపం తీరి పాత డార్క్ ఎల్ఫ్‌ల రూపానికి మారిపోతారు. గోధుమ రంగు చర్మం, నల్లటి జుట్టు. వాళ్ల ఆత్మలను ఎల్ఫ్‌ల దేవుడు కొరెలాన్ తన లోకంలోకి అనుమతిస్తాడు. ఎవరు మారారు? ముఖ్యంగా వెండొనాయ్ మచ్చ అంటని మియెరిటార్ రాజ్యపు సంతతివాళ్లు. మిగతా జాతి లోల్త్ వాటాకు వెళ్లిపోతుంది. ఆట ముగిసింది, పావులు పంచేశారు.

నా అభ్యంతరం ఈ పంపకం మీద. ఆత్మ దేని వల్ల విముక్తి పొందుతుందన్నది ఈ కథ అడిగిన ప్రశ్న. ఎంచుకోవడం వల్లనా? పాట విని లేవడం వల్లనా? పడి, సిగ్గుపడి, మళ్లీ లేవడం వల్లనా? రెండున్నర పుస్తకాల పాటు హలిస్ట్రా, క్వార్లిండ్, ముసుగు పూజారులు తమ బతుకులతో ఆ ప్రశ్నకు జవాబు వెతికారు. చివరి అధ్యాయాల్లో వంశవృక్షం తెరిచి చూసి తీర్పు చెప్పారు. ఫలానా రాజ్యపు సంతతి ఇటు, ఫలానా రాజ్యపు సంతతి అటు. పదివేల ఏళ్ల కిందటి పూర్వీకుల రక్తంలో ఏం కలిసిందన్నది, నిన్న రాత్రి కత్తి కింద పడేసి పైకి నడిచిన మనిషి కన్నా ఎక్కువైంది. ఆ కొలతతో చూస్తే లోల్త్ కడుపున పుట్టిన ఈలిస్ట్రేయీకే ఆ కథలో చోటుండకూడదు. పునాది ఒక మాట చెప్పింది, పైకప్పు దానికి అడ్డం తిరిగింది.

తెలుగు పాఠకుడికి ఇది ఎందుకు తగులుతుందో మీకు చెప్పాలి. పుట్టుకకూ యోగ్యతకూ మధ్య ఏముందన్న వాదం మా ఇళ్లలో పుస్తకాల వరకే ఆగింది కాదు, బతుకులను కాల్చిన వాదం. మా పిల్లలు బడికి వెళ్లకముందే వినే కథల్లో ప్రహ్లాదుడుంటాడు. హిరణ్యకశిపుడి కొడుకు. అతని భక్తికి అంత బరువు రావడానికి కారణమే అతను పుట్టిన ఇల్లు. నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చాక ఆ పిల్లవాడిది ఏ తల్లి వైపు రక్తమో విచారించి, మచ్చ లేదని తేల్చుకుని దీవించాడంటే ఆ కథ మాకెవరికీ గుర్తుండేది కాదు. విభీషణుడి సంగతీ అంతే. అన్నను వదిలి రాముడి దగ్గరికి వచ్చాడు. వచ్చినందుకు అతన్ని మనిషిగా మార్చలేదు. రాక్షసుడిగా వచ్చి, రాక్షసుడిగానే లంకకు పట్టం కట్టుకున్నాడు. ఇంటిగుట్టు చెప్పినవాడని మాలో అతన్ని ఇప్పటికీ తప్పుపట్టేవాళ్లున్నారు, కానీ అతని ఎంపిక అతనిది కాదని ఎవరూ అనరు. మీ ముగింపు హలిస్ట్రా జాతి నుంచి లాక్కున్నది సరిగ్గా ఆ ఎంపికనే.

చర్మం రంగు మాట కూడా దాటేయకూడదు. మారినవాళ్లకు కొత్త ఒళ్లు వచ్చింది. నలుపు పోయి గోధుమ రంగు వచ్చింది, తెల్లటి జుట్టు నల్లబడింది. గోధుమ రంగు మాదే కదా, సంతోషించవచ్చు కదా అంటే సంతోషించలేను. ఏ రంగు వచ్చిందన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. దేవుడి దయకు చర్మాన్ని రసీదుగా ఇవ్వడం పెద్ద విషయం. ఆ మర్నాటి నుంచి ఆ లోకంలో డ్రౌను చూసినవాడు ముఖం చూడగానే తేల్చుకోగలడు. నల్లగా ఉన్నాడు, అంటే లోల్త్ మనిషి. డ్రిజ్ట్ కథలు అప్పటికి ఇరవై ఏళ్లుగా పోరాడింది సరిగ్గా ఈ చూపు మీదే. ఊరి తలుపులు మూసుకున్న ప్రతిసారీ అతను నోరు విప్పకముందే అతని ఒళ్లు అతని మీద సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యం అబద్ధమని నిరూపించడమే అతని బతుకు. క్వార్లిండ్ మంత్రం డ్రిజ్ట్‌ను తాకలేదు. తర్వాత మీరు వేసిన నవలల్లోనూ అతను అదే నల్లటి చర్మంతో, అదే తెల్లటి జుట్టుతో నడిచాడు. మీ సంస్థకు ఎక్కువ పేరు తెచ్చిన పాత్రే ఈ ముగింపుకు ఎదురు సాక్షి.

దీనికి మీరు చెప్పగల సమాధానాలు నాకు తెలుసు. విషాదాంతం తప్పా, దేవతలు చావకూడదా అంటారేమో. చావవచ్చు. నిజం చెప్పాలంటే ఈలిస్ట్రేయీ మరణం ఈ కథకు అతికేదే. కీలూయే తన బలాన్ని ఎక్కువ అంచనా వేసుకుంది, హలిస్ట్రా మోసపోయింది. ఇద్దరి తప్పులూ వాళ్ల స్వభావంలోంచే పుట్టాయి. విషాదానికి అంతకన్నా ఏం కావాలి? కథ అక్కడ ఆగి, తల్లిని పోగొట్టుకున్న పూజారిణులనూ ముసుగు మగవాళ్లనూ ఆ శూన్యంలో వదిలినా ఒప్పుకునేదాన్ని. కానీ విషాదం జరిగిన పక్క పేజీలోనే ఓదార్పు పంపకం పెట్టారు, ఆ పంపకానికి రక్తాన్ని గీటురాయి చేశారు. ఏడవాల్సిన చోట ఎవరికి ఎంత వచ్చిందో లెక్క చూసుకోవాల్సి వచ్చింది.

రక్తం ఒక్కటే చూడలేదు, మారినవాళ్లలో ఈలిస్ట్రేయీని నమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు కదా అనేది రెండో మాట. ఇందులో కొంత నిజముంది, కాదనను. అయితే ఒక నవలలో దేని ప్రకారం తీర్పు జరిగిందో తెలియాలంటే అంచున నిలబడ్డవాళ్లను చూడాలి. నమ్మకమూ లేక, మచ్చా ఉన్నవాడి గతి ఎవరైనా ఊహించగలరు. నమ్మకం మొలకెత్తుతూ, మచ్చ ఉన్న మనిషి గతేమిటి? ఏ అర్ధరాత్రో లోల్త్ గుడి మెట్ల మీద మొదటిసారి అనుమానం కలిగిన పూజారిణి గతేమిటి? ఈలిస్ట్రేయీ పాట అసలు ఎవరి కోసం? అప్పటికే నమ్మినవాళ్ల కోసం కాదు కదా. రేపు నమ్మబోయేవాళ్ల కోసం. ఆ రేపటిని ఈ ముగింపు మూసేసింది.

మూడో సమాధానం అందరూ చెప్పేది: ఆట కొత్త నియమాలకు కథ దారివ్వాల్సి వచ్చింది. ఆట నాలుగో ఎడిషన్ కూడా అదే 2008 జూన్‌లో వచ్చింది. కొద్ది వారాల తర్వాత ఆగస్టులో ఫర్‌గాటెన్ రెల్మ్స్ కొత్త మార్గదర్శి వచ్చింది. అందులో కాలాన్ని దాదాపు వందేళ్లు ముందుకు జరిపారు, దేవతల జాబితాను బాగా కుదించారు. ఈ మూడు నవలల్లో సెల్వెటార్మ్ అనే దేవుడు, వేరాన్, కియరాన్సలీ, ఈలిస్ట్రేయీ వరసగా రాలిపోయారు. వరుస చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజమో కాదో తేల్చాల్సింది మీరు. నిజమే అనుకున్నా అది ముగింపు ఎందుకు అలా వచ్చిందో చెబుతుంది గానీ, ముగింపును నిలబెట్టదు. దేవత పోవాలన్నది ఆట అవసరమైతే కావచ్చు. ఎవరు తరించాలో రక్తం చూసి చెప్పమని ఏ ఆట నియమమూ అడగదు. ఆ ఎంపిక కథలో జరిగింది. మీ లోకపు హద్దుల్లోనే, మీ ఆట నియమాల మధ్యనే సాల్వటోర్ డ్రిజ్ట్‌నూ కనింగ్‌హామ్ లిరియెల్‌నూ నిలబెట్టారు. ఇదే స్మెడ్‌మన్ ఇదే హద్దుల్లో ముసుగు పూజారుల పేజీలు రాసింది. ఇరుకు గదిలో మంచి నాట్యం సాధ్యమేనని మీ రచయితలే చూపించారు.

తప్పు దిద్దుకున్నాం కదా అనేది ఆఖరి మాట. 2018లో వచ్చిన ‘మోర్డెన్‌కైనెన్స్ టోమ్ ఆఫ్ ఫోస్’ పట్టికలో ఈలిస్ట్రేయీ, వేరాన్, సెల్వెటార్మ్ మళ్లీ ఉన్నారు. అందరూ మరిచిపోయిన కియరాన్సలీ పేరు కూడా ఉంది. 2020లో మీరు ఓర్క్‌లనూ డ్రౌలనూ పుట్టుకతోనే చెడ్డవాళ్లుగా చూపిన తీరు నిజజీవితంలో కొన్ని జాతులను కించపరిచిన తీరును గుర్తుచేస్తుందని బాహాటంగా ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం పెద్ద మనసు, నేను తేలికగా తీసుకోవడం లేదు. 2021లో సాల్వటోర్ ‘స్టార్‌లైట్ ఎన్‌క్లేవ్’తో లోల్త్ నీడ పడని డ్రౌలు మంచు దేశంలో ఉన్నారని తేలింది. అడవుల్లో ఉండే ఇంకో శాఖనూ మీరే పరిచయం చేశారు. చెడు రక్తంలో లేదు, ఒక నగరం పెంపకంలో ఉందన్నారు. 2008 కన్నా ఇది ఎంతో మెరుగు. పైగా ఆ వరసలోని తర్వాతి పుస్తకాలు మెంజోబెరాంజన్ నగరం లోపలే లోల్త్ మీద తిరుగుబాటు చూపించాయి. అది ఇంకా మెరుగు. అయినా బాకీ తీరలేదు. ఒక దేవత చావుకు మూడు నవలలు ఖర్చు పెట్టారు. ఆమె తిరిగి రావడానికి ప్రత్యేకించి ఒక్క నవల కూడా ఇవ్వలేదు. పట్టికలో పేరు చేరితే ఆటగాడికి సరిపోతుందేమో, ఆ మూడు పుస్తకాలు చదివి చివరి పేజీ మూసిన పాఠకురాలికి సరిపోదు. దూరాన మంచులో మొదటి నుంచీ మంచివాళ్లున్నారని చెప్పడం వల్ల హలిస్ట్రా ప్రశ్నకు జవాబు రాదు. ఆమె అడిగింది మొదటి నుంచీ మంచివాళ్ల గురించి కాదు.

అందుకే అడుగుతున్నాను. 2008 ముగింపును చెరిపేయమని కాదు, అది జరిగిపోయింది, దాన్ని అలాగే ఉంచండి. దాని తర్వాత కథ రాయించండి. స్మెడ్‌మన్ చేతనైతే మరీ మంచిది, ఆ మనుషులు ఆమె మనుషులు. మంత్రం పడిన ఆ పూట నుంచి మొదలుపెట్టండి. గుడి కూలిన చోట, వెండొనాయ్ మచ్చ ఉన్న ఒక డ్రౌ ఆడమనిషి నిద్ర లేస్తుంది. తన పక్కన పడుకున్న నేస్తం ఒళ్లు గోధుమ రంగుకు మారిపోయి ఉంది. తన చేతులు మాత్రం నిన్నటి చేతులే. రోజూ చంద్రుడు లేచే వేళ పాడే పాట నోటికి వస్తుంది, వినే తల్లి మాత్రం లేదు. ఆమె ఆ రాత్రి పాడిందో లేదో మాకు చెప్పండి.

ఇట్లు,
ఈ మూడు పుస్తకాలనూ చివరిదాకా చదివిన ఒక తెలుగు పాఠకురాలు